పార్శ్వపు నొప్పి నటన కాదు

పార్శ్వపు నొప్పితో (మైగ్రేన్) వచ్చినవారి గదిలో మేము ముందుగా లైటు ఆర్పుతాము. “తలనొప్పికే ఇంత హంగామానా?” అని ఇంట్లోవారు విసుక్కుంటారు.

తల, ముఖం నుండి నొప్పిని మెదడుకు చేరవేసే ట్రైజెమినల్ నరం కొసలు సి.జి.ఆర్.పి. అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. దానివల్ల మెదడు పొరల్లోని రక్తనాళాలు వెడల్పయి, క్రిములు లేకుండానే అక్కడ ఇన్‌ఫ్లమేషన్ కలుగుతుందని వైద్యులు భావిస్తున్నారు. క్రమంగా నరాలు అతి సున్నితమవుతాయి. అప్పుడు వెలుతురు, శబ్దం, చివరకు దువ్వెన తగిలినా బాధే.

అందుకే డాక్టరుగారు రాసిన మాత్రను నొప్పి ఆరంభంలోనే వేసుకోండి. నెలలో 10 రోజులు మాత్ర అవసరమవుతుంటే మళ్లీ చూపించుకోండి. మాత్రలు ఎక్కువైతే వాటివల్లే తలనొప్పి వస్తుంది.

ఉన్నట్టుండి భరించలేని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కాలు చేయి పడిపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.