గాజుకీ ఓ చదువుంది!

గాజు అనగానే చేతికి వేసుకునేదే గుర్తొస్తుంది. ఇంకాస్త ఆలోచిస్తే కిటికీ అద్దం, టీ గ్లాసు. దాన్ని కరిగించి, వంచి, రంగులద్ది బొమ్మలు చేయడానికీ డిగ్రీ ఉందనీ, ఆ చదువుకి మన పిల్లలూ వెళ్లొచ్చనీ తెలిసినవాళ్లు తక్కువే.

తూప్రాన్‌ నుంచి మెదక్‌ మరీ దూరమేం కాదు. సెలవొస్తే పిల్లల్ని తీసుకుని చర్చి చూడ్డానికి వెళ్లే కుటుంబాలెన్నో. లోపల అడుగుపెట్టగానే అందరి తలలూ పైకి లేస్తాయి. మూడు పెద్ద కిటికీల్లో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం... రంగురంగుల్లో మెరిసిపోతుంటాయి. అన్నీ చిన్న చిన్న గాజు ముక్కలతో కూర్చినవే. బయటి వెలుతురు పడితేనే వాటి అందం. పొద్దు గూకిందా... లోపలున్నవాళ్లకి ఆ బొమ్మలు కనిపించవు!

కరవు రోజుల్లో జనానికి పని కల్పించేందుకు బ్రిటిష్‌ మిషనరీ చార్లెస్‌ వాకర్‌ పోస్నెట్‌ కట్టించిన ఈ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. రాళ్లు మోసింది ఇక్కడి జనమే. కిటికీల రూపకల్పన మాత్రం ఇంగ్లండుకి చెందిన చిత్రకారుడు ఫ్రాంక్‌ సాలిస్‌బరీది. మరి ఇప్పుడు అలాంటి కిటికీ కావాలంటే ఇంగ్లండు దాకా వెళ్లక్కర్లేదు. ఆ విద్య మనదేశంలోనే నేర్చుకోవచ్చు.

పూసల ఊరు

అసలు గాజు పని తెలుగువాళ్లకి కొత్తేం కాదు. తిరుపతి దగ్గర్లోని పాపానాయుడుపేట గాజు పూసలకి పేరున్న ఊరు. కరిగిన గాజు ముద్దలోంచి సన్నని బోలు గొట్టాన్ని లాగి, ముక్కలుగా కోసి పూసలు చేసే పాత పద్ధతిని అక్కడ చూసి విదేశీ పరిశోధకులు సైతం రాసుకున్నారు. ఆ పనికి పుస్తకం లేదు, పట్టా లేదు. తండ్రి పక్కన నిలబడి కొడుకు నేర్చుకున్నాడంతే. ఇప్పుడు ఆ కుటుంబంలో పుట్టనివాళ్లకీ దారి ఉంది.

ఎక్కడ చదవాలి?

అహ్మదాబాద్‌లోని నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌(ఎన్‌ఐడీ) 1961లో మొదలైంది. అక్కడ సిరామిక్‌ అండ్‌ గ్లాస్‌ డిజైన్‌ ప్రత్యేక శాఖ. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా నాలుగేళ్ల బీడిజైన్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రవేశ పరీక్ష రెండు దశల్లో ఉంటుంది. ఫార్ములాలు బట్టీ పడితే లాభం లేదు. బొమ్మ గీయడం, చుట్టూ ఉన్న వస్తువుల్ని గమనించడం, కొత్తగా ఆలోచించడం... వీటికే మార్కులు. డిగ్రీ అయ్యాక ఎండిజైన్‌ కూడా చేయొచ్చు.

అంతదూరం పంపలేమంటారా? హైదరాబాద్‌లో జవహర్‌లాల్‌ నెహ్రూ ఆర్కిటెక్చర్‌ అండ్‌ ఫైన్‌ ఆర్ట్స్‌ యూనివర్సిటీ ఉంది. బీఎఫ్‌ఏలో శిల్పమో, చిత్రకళో చదివి, తర్వాత గాజు వైపు మళ్లొచ్చు. ఆకారం మీద పట్టు చిక్కితే మాధ్యమం మార్చుకోవడం తేలికే.

ఆరిపోయేదాకా ఆగాలి

ఊదుడు గొట్టంతో గాజుకి ఆకారం తేవాలంటే కొలిమి దగ్గర సుమారు 1100 డిగ్రీల వేడిలో పని. రంగు పలకల్ని అతికించడానికి 800 డిగ్రీలు చాలు. చిన్న కరెంటు బట్టీతోనూ అవుతుంది. అసలు పరీక్ష ఆ తర్వాతే. తయారైన వస్తువుని సుమారు 500 డిగ్రీల దగ్గర కాసేపు నిలిపి, మెల్లగా చల్లార్చాలి. తొందరపడితే లోపల బిగువు మిగిలిపోయి, బాగున్నట్టే కనిపించి ఓరోజు టప్‌మని పగులుతుంది. నెల కష్టం క్షణంలో నేలపాలు! అందుకే ఈ చదువులో ప్రతిభ కంటే ముందు ఓర్పు కావాలి.

జీతమెంత?

ఏ ఇంట్లోనైనా నాన్న అడిగే మొదటి ప్రశ్న ఇదే. సాఫ్ట్‌వేర్‌లా ఒకే కంపెనీ వందల మందిని తీసుకెళ్లే ఉద్యోగాలు ఇందులో ఉండవు. దీపాలు, డిన్నర్‌ సెట్లు తయారుచేసే సంస్థలు, ఇంటీరియర్‌ డిజైనర్లు, నగల డిజైన్‌, పాత భవనాల అద్దాల మరమ్మతు, బోధన... అవకాశాలు అక్కడో ఇక్కడో ఉంటాయి, వెతుక్కోవాలి. సొంత స్టూడియో పెట్టి నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టొచ్చు. సీట్లు పరిమితం, ఫీజులు లక్షల్లో. ఉపకార వేతనాల సంగతి ముందే కనుక్కోవడం మంచిది. గాజు పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకుండా మాస్కు, కళ్లకి అద్దాలు తప్పనిసరి.

ఇవన్నీ విన్నాక కూడా పిల్లలు 'అదే కావాలి' అంటే కొట్టిపారేయకండి. ముందు చిన్న పరీక్ష పెట్టండి. ఈసారి మెదక్‌ వెళ్లినప్పుడు ఆ కిటికీల ముందు వదిలేయండి. ఫొటో తీసుకుని బయటికొచ్చేస్తే సరే. ఏ ముక్క ఎక్కడ కలిసింది, ఎండ జరిగేకొద్దీ ఏ రంగు ఎలా మారుతోంది అని చూస్తూ అక్కడే నిలబడిపోతే మాత్రం... ఇంజినీరింగ్‌ కౌన్సెలింగ్‌కి వెళ్లేముందు ఓసారి ఎన్‌ఐడీ ప్రవేశ ప్రకటన కూడా చదవండి!