రిజర్వు దాటి నిలదొక్కుకున్న ఆదివాసులు

కెనడా ఆదివాసులందరూ రిజర్వుల్లో, అంటే వారి కోసం ప్రభుత్వం కేటాయించిన భూముల్లో, ఉంటారనుకోవడం పొరపాటు. 2021 జనగణన ప్రకారం అక్కడి ఆదివాసులు సుమారు 18 లక్షలు. వారిలో 8 లక్షల మంది పెద్ద నగరాల్లోనే ఉన్నారు. విన్నిపెగ్, ఎడ్మంటన్, వాంకూవర్‌లలో వీరి సంఖ్య ఎక్కువ.

చదువు కోసం, ఉపాధి కోసం వచ్చినవారు కొందరైతే, చట్టమే వెళ్లగొట్టినవారు మరికొందరు. బయటివాణ్ణి పెళ్లాడిన ఆదివాసీ స్త్రీ తన గుర్తింపునూ, రిజర్వులో ఉండే హక్కునూ కోల్పోయేది. పురుషుడికి మాత్రం ఆ శిక్ష లేదు. ఈ ఘోర అన్యాయంపై స్త్రీలే కోర్టుల్లో, ఐక్యరాజ్యసమితిలో పోరాడారు; 1985లో చట్టం మారింది. మరోవైపు, ఆదివాసీ పిల్లలను ఇంటి నుంచి తీసుకెళ్లి ఉంచిన వసతి బడులు లక్షన్నర మందికి పైగా పిల్లలను కన్నవారికీ, సొంత భాషకూ దూరం చేశాయి. ఆ గాయం నగరానికి వచ్చినా వెంటాడింది.

అయినా వారు చెదిరిపోలేదు. 1950లలోనే నగరాల్లో తమవారి కోసం స్నేహ కేంద్రాలు పెట్టుకున్నారు. అద్దె ఇల్లు, ఉద్యోగం వెతికిపెట్టడంతో మొదలైన ఆ కేంద్రాల్లో పిల్లలకు భాష నేర్పుతారు, డప్పు పాటలు పాడతారు, పెద్దలు సంప్రదాయాలు చెబుతారు. వేర్వేరు జాతులవారు అక్కడే బంధువులవుతారు. తట్టుకునే శక్తి ఒంటరి మనిషి గుండెధైర్యం మాత్రమే కాదని వీరి చరిత్ర చూపుతోంది. 1972లో ఈ స్నేహ కేంద్రాలకు జాతీయ సంఘం ఏర్పడింది. నేడు దేశమంతటా వందకు పైగా కేంద్రాలు పనిచేస్తున్నాయి.

నగరానికి వచ్చినంత మాత్రాన సొంత తెగపై హక్కు పోదని న్యాయస్థానమూ గుర్తించింది: రిజర్వు బయట ఉన్నవారికి తమ తెగ మండలి ఎన్నికల్లో ఓటును నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని కెనడా సుప్రీంకోర్టు 1999లో తీర్పు చెప్పింది.