వంటింటి నీరు ఎక్కడికి పోతున్నది?

మురుగు అనగానే మరుగుదొడ్డి నీరే మనకు తోస్తుంది. వంటింటి తూములో పోయే కడుగునీటిని ఎవరూ అంతగా పట్టించుకోరు. అది పొరపాటని జపాను అనుభవం చెబుతున్నది.

ఆ దేశంలో మురుగు కాలువలు చేరని చోట్ల ఇంటి ఆవరణలోనే శుద్ధితొట్టి పాతిపెడతారు. దీనిని 'జోకాసో' అంటారు. పాతరకం తొట్టి మరుగుదొడ్డి నీటినే శుద్ధిచేస్తుంది. వంట, స్నానం, ఉతుకుల నీరు తిన్నగా వాగులో కలుస్తుంది. నీటిలోని సేంద్రియ మాలిన్యాన్ని, దానిని జీర్ణించుకోవడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజనుతో కొలుస్తారు. ఆ కొలతలో మనిషి ఒక్కంటికి రోజుకు సుమారు 40 గ్రాములు. అందులో మరుగుదొడ్డి వాటా 13 గ్రాములే. తక్కిన 27 ఎంగిలి, నూనె, సబ్బులవి! పాత తొట్టి ఆ 13ను 5కు తగ్గించినా వాగుకు 32 గ్రాములు చేరుతవి. ఇక చేపలకు ఊపిరేది?

అందుకే 2001 నుండి ఆ రకం తొట్లను కొత్తగా పెట్టనివ్వడం లేదు. పాతవి మాత్రం ఇంకా లక్షల ఇళ్ళలో ఉన్నవి.

కొత్తరకం తొట్టి ఇంటి మురుగునంతా తీసుకుంటుంది. మొదటి అరలలో మడ్డి దిగుతుంది. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు దానిని కొంత విచ్ఛిన్నం చేస్తవి. తరువాతి అరలోకి చిన్న పంపు రేయింబవళ్ళు గాలి ఊదుతుంది. గాలి కోరే జీవులు అక్కడి ప్లాస్టిక్ బిళ్ళలకు పాచివలె అంటుకొని, కరగిన మాలిన్యాన్ని తింటవి. తేరిన నీటికి క్లోరిను తగిలించి వదులుతారు. వాగుకు చేరేది 4 గ్రాములే. ఆ నీరు త్రాగడానికి పనికిరాదు గాని తోటకు పెట్టవచ్చు. దూరాన ఉన్న కర్మాగారానికి పోక ఇంటిచెంతనే కలుస్తుంది గనుక ఊరివాగుకు నీరూ తగ్గదు.

ఐతే మడ్డిని ఏటా తోడించాలి. పంపు ఆగిందా, ఆ జీవులకూ ఊపిరాడదు.