చక్కెర పూసలు – పెద్దప్రేగు కాన్సరు

1957లో ఫ్రాన్సు దేశపు వైద్యులు ఒక రోగి రక్తమున వింత యొకటి చూచిరి. దాదాపు ఎవరి రక్తరసము కలిపినను ఆతని ఎఱ్ఱకణములు గుంపులుగా అంటుకొనుచుండెను. అందుకు కారణమైన గుర్తునకు తరువాత 'టి-ఎన్' అని పేరు వచ్చినది. ఆ గుర్తే పెద్దప్రేగు కాన్సరు కణములపైనను అనేక పర్యాయములు కానవచ్చును. ఇది యెట్లు పుట్టునో చూతము.

మన పెద్దప్రేగు లోపలి గోడను ఒక జిగురు పొర కాపాడుచుండును. దానికి ఆధారము మ్యూసిన్ అను మాంసకృత్తు. మ్యూసిన్‌ను దారమనుకొన్నచో, దానికి గ్రుచ్చిన పూసలు చక్కెరలు. ఇవి మనము కాఫీలో కలుపుకొను పంచదార కాదు. అయినను వీనిలో నొకటైన గెలాక్టోజ్ పాలలోని చక్కెరయందును ఒక భాగమే. దారమునకు మొదటి పూస చేరిన పిదప, దానిపై గెలాక్టోజ్‌ను అతికించు పని టి-సింథేజ్ అను ఎంజైముది. ఈ ఎంజైము తనంతట తాను సరిగా మడతపడలేదు. పెద్ద పట్టుచీరను మడుచునపుడు రెండవ కొంగు పట్టువారు కావలసినట్లు, దీనికి కాస్మ్‌సి అను మరియొక మాంసకృత్తు తోడు కావలెను. తోడు లేనిచో మడత చెడిన ఎంజైమును కణమే నాశనము చేయును. అపుడు మొదటి పూస ఒంటరిగా నిలిచిపోవును. అదియే టి-ఎన్.

మన జన్యువులలో చాలవానికి రెండేసి ప్రతులు కలవు. ఒకటి చెడినను రెండవది పని నడుపును. కాని కాస్మ్‌సి జన్యువు ఎక్స్ క్రోమోసోముపై నున్నది. పురుషులకు ఎక్స్ ఒక్కటే. స్త్రీల కణములలో రెండింట నొకటి మౌనముగా నుండును. కావున ఒక్క ఉత్పరివర్తనముతోనే కణము మొత్తము చక్కెరల తీరు మారిపోవును. 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో పెంచిన పెద్దప్రేగు కాన్సరు కణములలో ఇట్టి దోషమునే కనుగొనిరి. మంచి జన్యువును వానిలో ప్రవేశపెట్టగా ఎంజైము మరల పనిచేసెను, టి-ఎన్ మాయమయ్యెను. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము అరుదు.

మరి ఫ్రాన్సు రోగి సంగతి? ప్రేగులలోని సూక్ష్మజీవులపై ఇట్టి చక్కెరలే ఉండుటచేత మనకందరికి టి-ఎన్‌ను పట్టుకొను ప్రతిరక్షకములు సహజముగానే కలవు. ఆతని కణములను గుంపుగూర్చినవి అవియే. అవి కాన్సరును మాత్రము అణచలేకున్నవి. కనుకనే ఈ గుర్తునే గురిగా చేసికొను చికిత్సలకై పరిశోధనలు సాగుచున్నవి. వీనికై వేచియుండి, మలములో రక్తము కనబడినపుడు మూలశంక యని ఊరకుండుట ప్రమాదకరము.

ఒక చిక్కు కలదు. టి-ఎన్ గల ప్రతి కంతిలోను కాస్మ్‌సి చెడియుండదు. జన్యువు చక్కగానున్నను పూసలు తరుగు కంతులు కలవు.