వెలుగు దూరని కంట్లోకి శబ్దం

శుక్లం ముదిరి కనుపాప తెల్లబడ్డ కంట్లోకి డాక్టరు ఎంత వెలుగు వేసినా వెనకున్న రెటీనా కనబడదు. షుగరు వల్ల కంట్లో రక్తం చిమ్మినా అంతే, టార్చి వెలుగు ఆ ఎర్ర మబ్బు దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు పనికొచ్చేది శబ్దం.

మూసిన రెప్ప మీద చల్లటి జెల్ దండిగా వేసి, బరువు పడకుండా శబ్దం పంపే ప్రోబ్ ఆనిస్తారు. అందులోని స్ఫటికం విద్యుత్తు తగలగానే సెకనుకు సుమారు కోటిసార్లు కంపిస్తుంది. మన చెవికి ఇరవై వేలు దాటితే వినబడదు. కనుగుడ్డు పొడవు దాదాపు 24 మిల్లీమీటర్లు, లోపలి ద్రవంలో శబ్దవేగం సెకనుకు సుమారు 1,530 మీటర్లు. వెనకగోడను తాకి తిరిగి రావడానికి సెకనులో పదిలక్షలో వంతులు ముప్ఫై ఒకటి చాలు! పంపిన స్ఫటికమే ప్రతిధ్వనినీ అందుకుంటుంది. నొక్కితే విద్యుత్తు పుట్టించే ఆ గుణాన్ని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు.

ఎముక, గాలి శబ్దానికి అడ్డుగోడలు. కన్ను మాత్రం నీటి బుడగ లాంటిది. ఆరోగ్యంగా ఉన్న కంటి లోపలి జెల్ ప్రతిధ్వని ఇవ్వదు కనుక యంత్రం తెర మీద నల్లగా ఉంటుంది. అందులో ఏ సన్నని పొర లేచినా తెల్లగీతై మెరుస్తుంది.

అయితే అది ఏ పొర? ఇక్కడే ఈ పరీక్షలోని అందమంతా ఉంది. "రెప్ప తెరవకుండానే కుడికి చూడండి, ఇప్పుడు ఎడమకు" అంటారు డాక్టరు. ఊడిన రెటీనా దృష్టినాడి మొదట్లో మాత్రం కట్టుబడే ఉంటుంది. అందుకే పూర్తిగా ఊడితే తెర మీద గరాటులా కనబడుతుంది, బిగువుగా కదులుతుంది. కంటిజెల్ పొర విడిపోతే ఆ కట్టు ఉండదు, పల్చగా ఊగుతూ నాడి ముందు నుంచే సాగిపోతుంది. రక్తమైతే బిందె కదిపినప్పుడు అడుగు మడ్డి లేచినట్టు సుడి తిరుగుతుంది. పల్చటి రక్తం కోసం గెయిన్, అంటే ప్రతిధ్వనిని పెద్దదిగా చూపే స్థాయి, పెంచాలి, లేకపోతే కనబడకుండా పోతుంది. యంత్రం ఎంత ఖరీదైనదైనా జవాబు చెప్పేది రోగి కంటి కదలికే.

1956లో ముంట్, హ్యూస్ అనే పరిశోధకులు కంటి నుంచి వచ్చిన ప్రతిధ్వనులను గీతల ఎత్తుగా చూపారు. 1958లో బామ్, గ్రీన్‌వుడ్ బొమ్మే తీశారు, కానీ కంటికీ ప్రోబ్‌కూ మధ్య నీళ్లు నిలపాల్సి వచ్చేది. 1970లలో బ్రాన్సన్ ప్రోబ్ నేరుగా రెప్ప మీదికే వచ్చింది. 2002లో అమెరికాలో బ్లైవాస్ బృందం అత్యవసర విభాగంలోనే 61 మందిని పరీక్షిస్తే, 60 మందిలో ఫలితం కంటి నిపుణుల పరీక్షతోనో సీటీ స్కాన్‌తోనో సరిపోయింది.

దెబ్బ తగిలి కనుగుడ్డు చీలిందన్న అనుమానముంటే మాత్రం ప్రోబ్ ఆనించి నొక్కకూడదు, లోపలిది బయటికి వచ్చేయొచ్చు.

కంటికి పక్కనుంచి నల్లతెర దిగిందంటూ రాత్రిపూట వచ్చిన మనిషిలో డాక్టరు కళ్లు మొదట వెతికేది దృష్టినాడి పక్కన, స్పష్టమైన చూపునిచ్చే మాక్యులానే. అది ఇంకా అతుక్కునే ఉంటే, ఊడకముందే కాపాడేందుకు రెటీనా సర్జన్‌కు అప్పుడే ఫోన్ వెళ్తుంది.