సన్నాయి ఉంది, ఓబో ఏదీ?

వయొలిన్ వాయించేవారికి కొదవలేని దేశంలో సింఫనీ ఆర్కెస్ట్రా కూర్చాలంటే మాత్రం చాలా కుర్చీలకు విమానం టిక్కెట్లు కొనాల్సిందే

2025 మార్చి 8న లండన్‌లోని ఈవెంటిమ్ అపోలో హాలులో ఇళయరాజా తొలి సింఫనీ 'వేలియంట్' మోగింది. సాగర సంగమం, రుద్రవీణ సంగీత దర్శకుడికి అప్పటికి 81 ఏళ్లు. వాయించింది రాయల్ ఫిల్‌హార్మోనిక్ కన్సర్ట్ ఆర్కెస్ట్రా. అభిమానులు మురిసిపోయారు, నాయకులు అభినందించారు. మద్రాసులో రాసిన సంగీతాన్ని వాయించడానికి లండన్ దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చిందన్న ప్రశ్న ఆ సందడిలో పెద్దగా వినిపించలేదు. 2005లో 'తిరువాసగం' కోసం ఆయన వెళ్లింది బుడాపెస్ట్‌కు.

జవాబు ఆర్కెస్ట్రా కూర్పులోనే ఉంది. పూర్తిస్థాయి సింఫనీ ఆర్కెస్ట్రా అంటే 80 నుంచి 100 మంది. అందులో 60 మంది దాకా తంత్రీ వాద్యాలవారే: మొదటి వయొలిన్లు 16, రెండో వయొలిన్లు 14, వయోలాలు 12, చెల్లోలు 10, డబుల్ బేస్‌లు 8. ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్ రెండేసి లేదా మూడేసి. వాటి వెనక నాలుగు హార్న్‌లు, రెండు మూడు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, ఒక ట్యూబా. చివర్న టింపనీ, ఇతర తాళవాద్యాలు. అవసరాన్ని బట్టి హార్ప్.

ఇన్ని వయొలిన్లు ఎందుకన్నది చూసినవారికల్లా వచ్చే సందేహమే. పదహారు వయొలిన్లు కలిసి మోగితే శబ్దం పదహారు రెట్లు పెరగదు. చెవికి రెండు రెట్ల కంటే కాస్త ఎక్కువగా తోస్తుంది, అంతే. మరోపక్క ఒక్క ట్రంపెట్ గట్టిగా ఊదితే అన్నింటినీ మింగేయగలదు. తూకం కోసమే ఆ సంఖ్య. పైగా పదహారు మంది ఒకే స్వరం వాయించినా ఒక్కొక్కరి వేలు వెంట్రుకవాసి తేడాతో పడుతుంది. ఆ చిన్న తేడాలన్నీ కలిస్తేనే ఒక్క వయొలిన్‌కు లేని నిండుదనం వస్తుంది.

భారత్‌లో ఇంత పెద్ద బృందాన్ని కూర్చే గట్టి ప్రయత్నం ముంబైలో జరిగింది. 2006లో నారిమన్ పాయింట్‌లోని నేషనల్ సెంటర్ ఫర్ ద పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ (ఎన్‌సీపీఏ)లో ఖుష్రూ సుంటూక్, కజక్ వయొలిన్ విద్వాంసుడు మరాత్ బిసెన్‌గాలియెవ్ కలిసి సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాను ప్రారంభించారు. జాకిర్ హుస్సేన్ దాని కోసం 'పేష్కార్' అనే తబలా కన్చెర్టో రాసి, 2015లో తానే వాయించారు. 2019లో ఆ బృందం బ్రిటన్‌లోనూ పర్యటించింది. చిక్కల్లా పేరులోని 'ఇండియా'తోనే. ఏటా కచేరీల సీజన్ వచ్చినప్పుడు వేదిక మీద కజకిస్తాన్ నుంచీ యూరప్ నుంచీ వచ్చినవారే ఎక్కువగా కనిపించారు. దీన్ని విమర్శించడం తేలికే. కానీ ఆ కుర్చీల్లో కూర్చోబెట్టడానికి ఇక్కడ ఎవరున్నారు?

విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్‌ను తెలుగువారు మరిచిపోలేదు. అరుదైన వయోలాను సైతం మంగళంపల్లి బాలమురళీకృష్ణ కచేరీల్లో వాయించారు. అయితే వాద్యం ఒకటే, విద్య వేరు. కర్ణాటక విద్వాంసుడు నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కాలి మడమ దగ్గర ఆనించి, తంతులను స-ప-స-పలకు శ్రుతి చేసుకుంటాడు. గొప్పదనమంతా గమకంలో, అప్పటికప్పుడు పుట్టే కల్పనలో ఉంటుంది. ఆర్కెస్ట్రా వయొలినిస్టు కాగితం చూసి వాయించాలి. పక్కవాడి కమాను పైకి వెళితే తన కమానూ పైకే వెళ్లాలి. సొంత గమకం వేస్తే మర్నాడు ఉద్యోగం ఉండదు. మన గురువులు ఇరవయ్యేళ్లు కష్టపడి నేర్పించే స్వేచ్ఛ అక్కడ నేరం.

గాలి వాద్యాల పరిస్థితి మరీ విచిత్రం. కచేరీకి ముందు ఆర్కెస్ట్రా మొత్తానికీ శ్రుతినిచ్చేది ఓబో. అదీ మన నాదస్వరం, సన్నాయి లాగే జంట నాలుకల పీక ఉన్న వాద్యమే. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా ఆ కుటుంబపు వాద్యంతోనే దేశాన్ని ఊపారు. పెళ్లిళ్లలో, గుళ్లలో జంట నాలుకల పీక ఊదేవారు నేటికీ ఊరూరా ఉన్నారు. కానీ ఓబో వాయించేవారి కోసం వెతకాలంటే దేశమంతా గాలించాలి.

ఈ కొరతకు స్వదేశీ జవాబు ఒకటి ఎప్పుడో మొదలైంది. 1952లో ఆకాశవాణి 'వాద్యవృంద'ను ఏర్పాటు చేసి రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్‌లకు అప్పగించింది. సితార్, సరోద్, వీణ, వేణువు, తబలా, మృదంగం ఒకే వేదిక మీదికొచ్చాయి. ద్రాక్షారామానికి చెందిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి కూడా దాన్ని నడిపించారు. రాగంలో నడిచే సంగీతానికి పాశ్చాత్య పద్ధతిలో స్వరాల దొంతర పేర్చడం ఎంతవరకు కుదురుతుందన్నది అప్పట్లోనూ తేలలేదు. వీణ మీటు ఇట్టే కరిగిపోతుంది, షెహనాయ్ చెవులు గింగురుమనిపిస్తుంది. తూకం తిప్పలు అక్కడా తప్పలేదు.

నిజానికి దక్షిణాదిలో పెద్ద ఆర్కెస్ట్రాను పోషించింది ప్రభుత్వం కాదు, సినిమా. మద్రాసు స్టూడియోల్లో పదుల కొద్దీ వయొలిన్లు ఒకేసారి మోగిన రోజులున్నాయి. తర్వాత కీబోర్డు వచ్చింది. ఒక మనిషి, ఒక మీట, నలభై వయొలిన్లు. నిర్మాతకు లెక్క కుదిరింది, వాద్యకారుడికి పని పోయింది. కొడుకులకు వయొలిన్ నేర్పించిన కుటుంబాలు కంప్యూటర్ కోర్సుల వైపు మళ్లడంలో వింతేముంది? తీరా అసలు తంతుల నాదం కావాలని మళ్లీ తోచేసరికి ఇక్కడి బృందాలు పల్చబడ్డాయి. దాంతో సినిమా నేపథ్య సంగీతం రికార్డింగు బుడాపెస్ట్‌కో మాసిడోనియాలోని స్కోప్యేకో చేరింది.

చిన్నప్పటి నుంచే తయారుచేస్తే తప్ప ఈ కుర్చీలు నిండవని తెలిసినవారు కొందరున్నారు. ఎ.ఆర్. రెహమాన్ 2008లో చెన్నైలో కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ పెట్టారు. పేద పిల్లలకు ఉచితంగా నేర్పే సన్‌షైన్ ఆర్కెస్ట్రా దాని పుణ్యమే. ఎన్‌సీపీఏ 2012లో సొంత అకాడమీ తెరిచింది. ఒక ఆర్కెస్ట్రా వాద్యకారుడు తయారుకావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. పైగా మొదట అందరూ అడిగేవి పియానో, వయొలిన్‌లే. బసూన్ కావాలనే పిల్లవాడు దొరకడం కష్టం. దొరికినా దాని గొట్టం మొత్తం పొడవు దాదాపు రెండున్నర మీటర్లు, మడిచినా మనిషి ఛాతీ దాకా వస్తుంది. వేళ్లు రంధ్రాలకు అందేంత ఎదిగేదాకా ఆ పిల్లవాడు ఆగాల్సిందే.