ర్యాంకు కార్డును చివరిదాకా చదవండి

"మీ వానికి ర్యాంకెంత వచ్చెన్నా?" ప్రవేశ పరీక్షల ఫలితాలు వచ్చిన వారమంతా కర్నూలు, కడప వీధుల్లో పలకరింపు ఇదే. అనుకున్నంత రాని పిల్లలకు ఆ మాట వినబడితే ఇల్లు దాటి బయటికి రాబుద్ధి కాదు. ఆ ఇళ్లలో ర్యాంకు కార్డును పూర్తిగా చదివేవాళ్లు తక్కువ. ఒక్క అంకె చూస్తారు, ఫోన్ పక్కన పడేస్తారు.

అసలు విషయం ఆ అంకె వెనక లెక్కలో ఉంది.

ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్ష 160 మార్కులకు. గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. పరీక్ష ఒక్క పూటలో అయిపోదు కనుక, పేపరు కష్టం వచ్చిన పూటవాళ్లు నష్టపోకుండా మార్కుల్ని నార్మలైజ్ చేస్తారు. ఆ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల 600 మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చి ర్యాంకు కడతారు. ఒక అమ్మాయికి సెట్‌లో 60, ఇంటర్‌లో 560 వచ్చాయనుకుందాం. కలిపితే 51.46. ఒక అబ్బాయికి సెట్‌లో 72, ఇంటర్‌లో 420 వస్తే మొత్తం 51.25. పరీక్షలో 12 మార్కులు వెనకబడిన అమ్మాయిదే ముందు ర్యాంకు! రెండేళ్లు ఇంటర్ శ్రద్ధగా చదివిన పిల్ల, మూడు గంటల పరీక్ష ఒకటి సరిగ్గా రాయలేకపోయినా పూర్తిగా వెనకబడిపోదు.

ర్యాంకు రాష్ట్రమంతటికీ కలిపి ఇస్తారు. సీటు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. 85 శాతం సీట్లు స్థానికులవి. మన పిల్లలు ఎస్వీ యూనివర్సిటీ పరిధి కిందికి వస్తారు కాబట్టి ఆ సీట్లకు పోటీ ఉమ్మడి కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు పిల్లలతోనే. ఆపైన రిజర్వేషన్, బ్రాంచి కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే "ఈ ర్యాంకుకు ఏం వస్తాదిలే" అని కౌన్సెలింగ్‌లో నాలుగే ఆప్షన్లు పెట్టి ఊరుకోవడం పెద్ద పొరపాటు. ఇష్టమైన కాలేజీలన్నీ ఇష్టమైన వరసలో పెట్టాల్సిందే.

వైద్య సీట్ల కోసం నీట్ రాసినవాళ్లు మార్కుల్నే నమ్ముకుంటే ఇంకా మోసపోతారు. 2024లో సవరించిన ఫలితాల ప్రకారమే 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశంలో మొదటి ర్యాంకు మార్కులు 686. జనరల్ అర్హత మార్కులు అంతకుముందు ఏడాది 162 అయితే, ఆ ఏడాది 144కు దిగాయి. పేపరు కష్టమైన ఏడాది మార్కుల్ని పక్కింటి అన్న పాత మార్కులతో పోల్చి పిల్లను నిలదీయడం అన్యాయం.

    

సీమలోనే ఉన్న దారులు

నేతి మిఠాయిలతో పేరు తెచ్చుకున్న జి. పుల్లారెడ్డి పేరిట కర్నూలులో ఇంజినీరింగ్ కాలేజీ 1984లోనే వచ్చింది. పులివెందులలో జేఎన్‌టీయూ అనంతపురం వాళ్ల కాలేజీ ఉంది. ఇంజినీరింగే వద్దనుకుంటే, స్వాతంత్ర్య రజతోత్సవ గుర్తుగా 1972లో కర్నూలులో పెట్టిన సిల్వర్ జూబ్లీ కాలేజీలో డిగ్రీ చదవొచ్చు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు. డిగ్రీ తర్వాత ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్ ఉంది.

మనసు బరువెక్కితే

నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, బతకాలని లేదనిపించినా టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అమ్మానాన్నలూ చేయొచ్చు.

ఇలా కుంగిపోతున్న పిల్లల కోసం దేశ అత్యున్నత న్యాయస్థానం మాట్లాడిందని మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సిలర్ ఉండాలి. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు. నలుగురిలో అవమానించకూడదు. హాస్టళ్లలో హెల్ప్‌లైన్ నంబర్లు కనబడేలా రాసిపెట్టాలి. తగిన చట్టం వచ్చేదాకా ఇవి పాటించి తీరాల్సినవే.

మన దగ్గర మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చడాన్ని కాలేజీలు గొప్పగా చెప్పుకుంటాయి, తల్లిదండ్రులు తలూపుతారు. ఈ అలవాటు పోవాలి. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపేముందు ఫీజెంతో అడుగుతారు గదా, కౌన్సిలర్ ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో కూడా అడగండి. జవాబు రాకపోతే ఆ కాలేజీలో చేర్చకండి.